ఎడమచేతికి లేచిన తలుపు

మా జంషెడ్‌పూర్‌లో ఇనుముకి ఏ జబ్బు చేసినా రెండే మందులు. గ్రీజు, పెయింటు. కీచుమంటే గ్రీజు పూస్తారు, తుప్పు కనిపిస్తే పెయింటు వేస్తారు. కార్ఖానాలో నేర్చిన వైద్యం కనక ఇంటి గేటు దగ్గర్నుంచి పిల్లల సైకిలు దాకా అదే నడుస్తుంది. ఈ రెండు మందుల్నీ ప్రేమకొద్దీ ఎక్కించి ఎక్కించి బారిడీహ్‌లో ఒక గ్యారేజీ తలుపుని చంపినంత పని చేశారు. దాన్ని బతికించడానికి మేం పడ్డ పాట్లు ఇక్కడ రాస్తున్నాను. రిమోటు నొక్కితే తలుపు లేచే రోజుల్లో ఈ పనిలోకి వస్తున్న మీకు ఇదంతా పాత చింతకాయ పచ్చడి అనిపించొచ్చు. అనిపిస్తే అనిపించనీండి, చదవండి.

నేను ఈ పనిలోకి రెజాగా వచ్చాను. ఇసుకా ఇటుకా మోసే ఆడకూలీని అక్కడ రెజా అంటారు. శ్రీకాకుళం వైపు నుంచి పని వెతుక్కుంటూ వెళ్ళిన కుటుంబం మాది, సిద్ధగోరాలో కాపురం. ఇంటికి దగ్గర్లోనే తలుపులూ షట్టర్లూ చేసి, బాగుచేసే షెడ్డు ఒకటి ఉండేది. ఒకరోజు దర్వాజా రెండో కొస పట్టుకునే మనిషి రాలేదని మిస్త్రీ నన్ను పిలిచాడు. ఎత్తమన్నప్పుడు ఎత్తి, ఆపమన్న చోట ఆపి, కిక్కురుమనకుండా నిలబడ్డాను. "ఈ ఆడమనిషి నోరెత్తదు, పనికొస్తుంది" అని ఓనరుతో హిందీలో చెప్పి నన్ను తలుపుల పనిలోకి మార్పించాడు. నోరెత్తదన్న విషయంలో ఆయన ఘోరంగా మోసపోయాడు. పని విషయంలో మోసపోలేదనే అనుకుంటాను.

మిస్త్రీది బిహారు. పెద్ద మీసం, అరచేతిలో ఎప్పుడూ ఖైనీ పొగాకు. పనిముట్లంటే ఆయనకి దేవుళ్ళతో సమానం. నేల మీదున్న పానాని ఎవరైనా దాటితే చాలు, ఆ పూట షెడ్డులో అందరికీ తిట్లే. నాకూ ముక్కు మీదే కోపం. ఇద్దరం రోజూ పోట్లాడుకునేవాళ్ళం, ఆయన హిందీలో, నేను తెలుగులో. ఎవరి భాషలో వాళ్ళం తిట్టుకోవడం వల్ల మనసులో ఏదీ నిలిచేది కాదు.

ఇక ఆ తలుపు సంగతి. ఆ ఇంటాయన స్టీలు కంపెనీలో ఇంజినీరు, మన తెలుగాయనే. మేం సారు అనేవాళ్ళం. ట్రైనింగు కోసం విదేశం వెళ్ళినప్పుడు అక్కడి ఇళ్ళకి గ్యారేజీ తలుపులు పైకి లేచి చూరు కిందకి పోవడం చూసి ముచ్చటపడ్డారట. ఫోటో తీసుకొచ్చి, ఆదిత్యపూర్‌లో ఒక వర్క్‌షాపుకిచ్చి అలాంటిదే చేయించుకున్నారు. మొత్తం ఒకటే రేకు తలుపు. పైఅంచున రెండు రోలర్లు, అవి నడవడానికి చూరు కింద రెండు గాడులు, పక్కల చెరో స్ప్రింగు. తలుపు మూసినప్పుడు స్ప్రింగులు సాగుతాయి, ఎత్తబోతే అవే సాయం పట్టి లాగుతాయి. మొత్తం రహస్యం అదే. అయితే అక్కడి తలుపులు పల్చటి రేకువి. మనవాళ్ళు చేసేటప్పుడు రైలు వ్యాగన్లు కట్టే మందపాటి రేకు వాడారు. స్టీలు ఊళ్ళో పల్చటి రేకు వాడితే పరువు తక్కువ అనుకున్నారేమో.

మేం మొదటిసారి ఆ ఇంటికి వెళ్ళింది తొంభైల చివర్లో, ఒక స్ప్రింగు తెగిందని కబురొస్తే. సారుగారి భార్య కాసిడీహ్‌లో ఒక స్కూల్లో సైన్సు టీచరు. ఆవిడ పరీక్ష పేపర్ల సంచితో సగమే ఎత్తిన తలుపు కింద నుంచి గ్యారేజీలోకి నడుస్తుంటే వెనక స్ప్రింగు ఫటేలున తెగి తలుపు ధడాలున పడింది. పడింది మనిషి మీద కాదు, వేలాడుతున్న పమిటచెంగు మీద. మేం వెళ్ళేసరికి ఆవిడ చెంగు దులుపుకుంటూ "కుట్టించుకుంటే సరిపోతుంది" అంటున్నారు. సారు మాత్రం కుర్చీలో కూలబడి తలుపు వైపు చూస్తున్నారు. మేం కొత్త స్ప్రింగులు వేసి, తెగినా ఎగిరిపడకుండా లోపల్నుంచి తీగతాళ్ళు పోనిచ్చి వచ్చేశాం.

ఆ తర్వాత కొంత కాలానికి టీచరుగారికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పోయింది, కుడికాలు ఈడ్చుకుంటూ కర్రతో నడిచేదాకా వచ్చారు. ఉద్యోగం మానేశారు. ఆ ఇల్లు వాన నీళ్ళకి భయపడి ఎత్తుగా కట్టించిన ఇల్లు, వీధిగుమ్మానికి మెట్లు ఎక్కువ. మెట్లు లేకుండా బయటపడే దారి గ్యారేజీ ఒక్కటే. ఆ తలుపేమో ఆవిడకి లేవదు. సారు పొద్దున్నే డ్యూటీకి వెళ్తే మళ్ళీ వచ్చేదాకా ఆవిడ లోపలే ఉండిపోయేవారు.

ఆవిడకి ఒకటే కోరిక. గ్యారేజీలో నల్లబల్ల పెట్టుకుని పిల్లలకి ట్యూషను చెప్పాలి. సాయంత్రం పిల్లలు వచ్చేసరికి తనే తలుపు తియ్యాలి, వాళ్ళు వెళ్ళాక తనే మూసుకోవాలి. సారు ససేమిరా అన్నారు. "నేను లేనప్పుడు ఆ తలుపు నువ్వు ముట్టుకోవడానికి వీల్లేదు" అన్నారు. ఆవిడ వాదించారు, అలిగారు, అన్నం మానేశారు. ఇదంతా నాకెలా తెలుసంటే, ప్రతి ఏడాదీ అక్టోబరులో ఆ తలుపు మొరాయించేది, నేనూ మిస్త్రీ వెళ్ళేవాళ్ళం, వెళ్ళినప్పుడల్లా ఆవిడ నాకు టీ ఇచ్చి చెప్పేవారు. తెలుగులో మాట్లాడే మనిషి దొరికితే ఆవిడ వదిలేవారు కాదు. వదలమని నేనూ అడగలేదు.

అక్టోబరులోనే ఎందుకు మొరాయిస్తుందో మా ఇద్దరికీ అంతుబట్టేది కాదు. మేం సరిచేసి వస్తే మళ్ళీ వర్షాకాలం దాటేదాకా బాగానే ఉండేది. దసరా దగ్గరపడేసరికి ఏనుగంత బరువయ్యేది. మిస్త్రీ ఖైనీ నలుపుతూ "బర్‌సాత్ కే బాద్ లోహా భీ థక్ జాతా హై" అనేవాడు. వానలయ్యాక ఇనుము కూడా అలిసిపోతుందట.

"ఇనుం అలిసిపోద్దా? మరి రైలు పట్టాలు అలిసిపోవా?" అని నేను.

"చుప్. కామ్ కర్."

అలా నోరు మూసుకుని పనిచేసేవాళ్ళం. ఒకసారి విసుగెత్తి మరీ గట్టి స్ప్రింగులు వేసేశాం. ఆ తలుపు గడియ తియ్యగానే రివ్వున ఎగిరి చూరుకి కొట్టుకుంది, సున్నం పెచ్చు సారుగారి బుర్ర మీద పడింది. ఆయన చాలా మర్యాదస్తులు కనక తిట్టలేదు. బుర్ర తడుముకుని పాతవే వేసెయ్యమన్నారు.

చివరికి ఒక ఏడు సారు విసిగిపోయి తేల్చేశారు. "విశ్వకర్మ పూజ నాడు నాకు సెలవు. నా కళ్ళ ముందు, ఎవరూ చెయ్యి వెయ్యకుండా, ఆ తలుపు తీసి మూసి చూపించు. మర్నాటి నుంచి పిల్లల్ని రమ్మను. నీ వల్ల కాకపోతే మాత్రం దాన్ని పీకించేసి గోడ కట్టించేస్తాను. మళ్ళీ దాని ఊసెత్తకూడదు." ఇటుకలకి కూడా చెప్పి ఉంచారు. గేటు పక్కన దింపారు కూడా.

ఆ ఇటుకలు చూసి నాకు ఒళ్ళు మండింది. ఇటుకలు మోసి మోసి తలుపుల పనిలోకొచ్చిన దాన్ని, నేను చూసుకునే తలుపు స్థానంలో ఇటుకలు రావడమేమిటి?

"మేడమ్, మీరు ఊఁ అనండి. ఆదివారాలు నేను వత్తాను. ఇద్దరం కలిసి సేద్దాం" అన్నాను.

"నీ సెలవు పాడవుతుంది కదా అమ్మాయ్."

"సెలవు నాడు ఇంట్లో ఉంటే మా అత్తతో తగువు. ఇక్కడుంటే తలుపుతో తగువు. ఏదైనా ఒకటే."

మిస్త్రీకి చెబితే మొదట పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. తర్వాత షెడ్డు మూల వెతికి, ఆ గట్టివాటికంటే కాస్త మెత్తటి స్ప్రింగుల జత తీసిచ్చాడు. స్ప్రింగు కొక్కెం తగిలించే ఇనప పట్టీకి వరసగా కన్నాలుంటాయి. పై కన్నానికి తగిలిస్తే లాగుడు పెరుగుతుంది, కింద కన్నానికి తగిలిస్తే తగ్గుతుంది. తలుపు నడుము ఎత్తుకి లేపి చెయ్యి వదిలేస్తే అక్కడే నిలవాలి. కిందకి జారకూడదు, పైకి పోకూడదు. అంతవరకూ కొక్కేన్ని మార్చుకుంటూ పోవాలి. మీరు ఎన్ని కొత్త తలుపులు చూసినా ఈ పరీక్ష మారదు, గుర్తుపెట్టుకోండి.

కానీ అది మన చేతికి సరిపోతే చాలదు, ఆవిడ ఎడమచేతికి సరిపోవాలి. వంగడం ఆవిడకి కష్టం. అందుకని అడుగున నవారు పట్టీ ఒకటి కట్టాను. అది పట్టి మోకాలి దాకా లాగితే, ఆ తర్వాత అరచేత్తో నెట్టుకోవచ్చు. మూసేటప్పుడు అదే పట్టీ పట్టుకుని కిందకి లాగొచ్చు. మొదటి ఆదివారం తలుపు జానెడు లేచి ఆగిపోయింది. ఆవిడ చెమటలు కక్కుతూ "మళ్ళీ" అన్నారు. రెండో ఆదివారం మోకాలి దాకా వచ్చింది. వారం మధ్యలో ఎడమచేత్తో నీళ్ళ బకెట్టు ఎత్తి దింపుతూ సాధన చేసేవారట. నేను "సాలు మేడమ్, ఒగ్గేయండి" అంటే, "నేను స్కూల్లో ఏ పిల్లాడినీ చాలు పొమ్మనలేదు" అనేవారు. అంత మొండి మనిషిని నేను మళ్ళీ చూళ్ళేదు. నాకంటే మొండి అని ఒప్పుకోవడం కష్టంగా ఉంది గానీ, నిజం.

పూజ ముందు ఆదివారం తలుపు పూర్తిగా లేచింది. ఆవిడ కర్ర అందుకుని వీధిలోకి నాలుగడుగులు వేసి, ఆగి, అటూ ఇటూ చూశారు. ఎదురింటావిడ బట్టలు ఆరేస్తూ "అరె, ఆప్!" అని కేకేసింది. టీచరుగారు కర్ర చంకన పెట్టి ఎడమచెయ్యి ఊపారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, గాడి వైపు తల తిప్పుకున్నాను.

ఇక విశ్వకర్మ పూజ గురించి మీలో జంషెడ్‌పూర్ చూడనివాళ్ళకి కాస్త చెప్పాలి. సెప్టెంబరు మధ్యలో వస్తుంది, అక్కడ అంత పెద్ద పండగ ఇంకోటి లేదు. కార్ఖానాలో క్రేను నుంచి వీధిలో పంక్చర్లు వేసే దుకాణం దాకా యంత్రాలన్నిటికీ పెయింటు, గ్రీజు, పూలదండలు. పనిముట్లన్నీ కడిగి, నూనె రాసి, సిందూరం పెట్టి, దేవుడి ముందు పేరుస్తారు. ఆ రోజంతా వాటికి విశ్రాంతి. సుత్తి ఎత్తకూడదు, పానా ముట్టకూడదు. నేనూ పొద్దున్నే తలంటుకుని, పసుప్పచ్చ చీర కట్టుకుని, నా పానాలూ కటింగ్ ప్లయరూ షెడ్డులో పూజలో పెట్టేశాను. అక్కడ్నుంచి బారిడీహ్ వెళ్ళాను. పని కోసం కాదు, చప్పట్లు కొట్టడానికి.

వెళ్ళేసరికి గ్యారేజీ తలుపు తళతళా మెరుస్తోంది. నిలువెల్లా కొత్త వెండి రంగు పెయింటు. పైన బంతిపూల దండ. గాడుల్లోంచి నల్లటి గ్రీజు కారి గోడ మీదకొచ్చింది.

వీధిమెట్లెక్కి లోపలికి పరిగెత్తాను. టీచరుగారు గ్యారేజీలో తలుపు ముందు నిలబడి ఉన్నారు. ఎడమ అరచెయ్యంతా వెండి రంగు.

"లేవట్లేదు అమ్మాయ్."

"ఏటి మేడమ్ ఇది? ఆదివారం సులువుగా నెగిసింది గదా! ఎవరేసేరీ రంగు?"

"ఇంకెవరు. ఏటా వేయించినట్టే నిన్న నన్ను ఆసుపత్రికి కసరత్తులకి పంపి వేయించారు. గ్రీజు తనే స్వయంగా పూశారు. పొద్దున దండ వేసి, దణ్ణం పెట్టి, కార్ఖానా పూజకి వెళ్ళారు. మధ్యాహ్నం స్నేహితుల్తో వస్తారు."

నేను గడియ తీసి రెండు చేతుల్తో లాగాను. తలుపు కదల్లేదు. ఆరని పెయింటు చట్రానికీ తలుపుకీ మధ్య జిగురులా పట్టేసింది. రోలర్ల మీద కూడా కారింది. నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. పూజ రోజు అసలు తిట్టకూడదు.

టీచరుగారు మాత్రం తిట్టలేదు. తలుపు అంచున గోటితో గీరి ఒక పెచ్చు ఊడదీసి నా చేతిలో పెట్టారు. "దీని అంచు చూడు" అన్నారు. వెండి రంగు కింద బూడిద రంగు, దాని కింద ఆకుపచ్చ, దాని కింద మళ్ళీ వెండి రంగు. పొరమీద పొర, ఏడాదికొకటి.

"అక్టోబరులో ఎందుకు బరువెక్కుతుందో నాకిప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళ నుంచీ పూజ పూజకీ ఇది లావెక్కుతోంది. పైగా ఊళ్ళో దుమ్మంతా ఆ గ్రీజులో కూరుకుని రోలర్లకి అడ్డం పడుతోంది. సైన్సు టీచర్ని, నాకు ముందే తట్టాల్సింది. ఇది మా ఆయన భక్తి అమ్మాయ్, ఇంత మందాన ఉంది" అని నవ్వబోయారు. "రేపు గోడ లేస్తుంది."

"లెగదు" అన్నాను. "నేనుండగా ఆ గోడ లెగదు. ఉండండి, పానాలు అట్టుకొచ్చేత్తాను."

గుమ్మం దాకా వెళ్ళానో లేదో మిస్త్రీ సైకిలు దిగుతున్నాడు. ఇస్త్రీ చేసిన కుర్తా, నుదుట సిందూరం. ప్రసాదానికి సారు పిలిచారు కనక వచ్చాడు. నేను విషయం చెబుతుంటే మధ్యలోనే చెయ్యడ్డం పెట్టాడు.

"ఆజ్ ఔజార్ నహీఁ ఉఠేగా."

ఇవాళ పనిముట్టు లేవదు. ఆ మాట ఆయన కోపంగా అనలేదు, అందుకే నాకు తిరగబడ్డానికి దారి దొరకలేదు. నిజం చెప్పాలంటే నాకూ మనసొప్పదు. రెజాగా తట్ట మోసిన చేతికి పానా అందిన రోజు నుంచి ఏటా నేను దానికి దణ్ణం పెడుతున్నాను. విశ్రాంతి తీసుకుంటున్న దాన్ని లేపి తేవడమంటే నా వల్ల కూడా కాదు. కానీ లోపల ఆవిడ వెండి రంగు చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నారు. ఏం చెయ్యాలో తెలీక లోపలికొచ్చి, నిలువుగుడ్లేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. మిస్త్రీ నా వెనకే వచ్చాడు.

ఎదురుగా పొయ్యి గట్టు మీద అట్లకాడ కనిపించింది.

"మిస్త్రీజీ," అన్నాను, "అట్లకాడ ఔజారా?"

ఆయన ఖైనీ నలపడం ఆపాడు. చాలాసేపు ఆలోచించాడు. ఆ షెడ్డులో విశ్వకర్మ తర్వాత విశ్వకర్మ అంతటి మాట ఆయనదే. చివరికి తేల్చాడు. వంటింట్లోది అన్నపూర్ణమ్మ సొత్తు, విశ్వకర్మకి దాంతో సంబంధం లేదు.

"మరి చేతులు?"

"హాథ్ తో పూజా మే రఖా నహీఁ" అని కుర్తా చేతులు పైకి మడిచాడు. చేతుల్ని పూజలో పెట్టలేదు కదా అని.

ఆ రోజు ఆ వంటింట్లో దొరికినవన్నీ గ్యారేజీలోకి వచ్చేశాయి. అట్లకాడతో నేను చట్రం సందులన్నీ గీకాను. కొబ్బరి తురుముకునే కోరాంతో మిస్త్రీ రోలర్ల మీది రంగు గీరాడు. టీచరుగారు ముక్కాలిపీట మీద కూర్చుని ఎడమచేత్తో అప్పడాల గరిటె పట్టి తలుపు అడుగంచు గీశారు. పాత పొరలు గ్రీజు మరకల మీదే పూసిన రంగులు కనక పట్టు లేదు, ఒకచోట మొదలుపెడితే అప్పడాల్లా ఊడి పడ్డాయి. గాడుల్లోని గ్రీజుని పాత చీర ముక్కలతో తుడిచాం. ఎంత తుడిచినా నల్లటి ముద్ద వస్తూనే ఉంది. కిరసనాయిలు పోసి మళ్ళీ తుడిచాం. నా పసుప్పచ్చ చీర ఏ రంగో చెప్పలేని రంగుకొచ్చింది.

చివరికి తలుపు చిర్రుమని శబ్దం చేస్తూ కదిలింది. నేనూ మిస్త్రీ కలిసి పూర్తిగా పైకి ఎత్తాం. తలుపు పైకి లేస్తే స్ప్రింగులు వదులైపోతాయి, అప్పుడు కొక్కెం చేత్తోనే మార్చొచ్చు. కానీ అంతవరకూ తలుపు జారకుండా ఆపాలి. ఒకవైపు ట్యూషను కోసం తెచ్చి పెట్టుకున్న నల్లబల్ల స్టాండు ఆనించాం. రెండోవైపు మిస్త్రీ తన భుజం పెట్టాడు. ఇస్త్రీ కుర్తా మీద వెండి అచ్చు పడింది. "జల్దీ కర్, బేటీ" అని గొణిగాడు. పెచ్చులు ఊడినా తలుపు నిండా కొత్త పొర బరువు మిగిలే ఉంది, అందుకని నేను రెండు పక్కలా కొక్కేలు ఒక్కో కన్నం పైకి మార్చాను.

నడుము ఎత్తుకి దింపి వదిలేశాం. తలుపు నిలిచింది.

దాన్ని మూశామో లేదో వీధిలో కారు హారను మోగింది. మిస్త్రీ నా వైపు చూశాడు, నేను టీచరుగారి వైపు. ఆవిడ లేచి, కర్ర గోడకి ఆనించి, నవారు పట్టీ ఎడమచేతికి చుట్టుకున్నారు. మేమిద్దరం వెనక గోడకి అతుక్కుపోయి నిలబడ్డాం. ఎవరూ చెయ్యి వెయ్యకూడదన్నది షరతు.

మొదటి లాగుడుకి లేవలేదు. ఆవిడ పట్టీ సర్దుకున్నారు. రెండోసారి జానెడు లేచి ఆగింది. నాకు ముందుకెళ్ళాలనిపించింది. మిస్త్రీ నా చీర కొంగు పట్టుకుని ఆపాడు. మూడోసారి మోకాలి దాకా వచ్చింది. ఆవిడ పట్టీ వదిలి అరచెయ్యి తలుపుకి ఆనించి, పళ్ళు బిగించి నెట్టారు. తలుపు లేచి చూరు కిందకి పోయింది. గ్యారేజీ అంతా ఎండ పడింది.

బయట సారు, ఆయన స్నేహితులిద్దరు, చేతుల్లో బూందీ పొట్లాలు. ఎదురుగా నిలువెల్లా రంగు పూసుకున్న మేం ముగ్గురం. సారు కళ్ళు తలుపు కిందికి వెళ్ళాయి. నేలంతా రంగు పెచ్చులు, బంతిపూలు, నల్లబడ్డ అట్లకాడ.

"పూజ చేసిన తలుపుని... గీకేశారా?" అన్నారు. కోపం కంటే భయం ఎక్కువగా ఉంది ఆ గొంతులో.

"గీకాం" అన్నారు టీచరుగారు. పెచ్చు ఆయన చేతిలో పెట్టారు. "ఇంత బరువు దాని నెత్తిన ఎందుకు పెడుతున్నారండీ?"

ఆయన ఆ పెచ్చుని తిప్పి తిప్పి చూశారు. స్నేహితులున్నారన్న సంగతి కూడా మర్చిపోయారు. "ఆ రోజు ఇది నీ మీద పడాల్సింది. చెంగు మీద పడింది. అప్పట్నుంచీ ఏటా దీనికి నేను మొక్కుతున్నాను. ఇంకేం చెయ్యాలో నాకు తెలీలేదు" అన్నారు. ఆయన కళ్ళు తడిశాయి. పెళ్ళాం బతికిందని తలుపుకి దణ్ణం పెట్టుకున్న మనిషిని ఏమనగలం? నేను పొద్దున తిట్టిన తిట్లన్నీ మనసులోనే వెనక్కి తీసుకున్నాను.

టీచరుగారు మెల్లగా, "మొక్కండి. కాస్త దూరం నుంచి మొక్కండి" అన్నారు.

మిగతా సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. మర్నాటి నుంచి పిల్లలు వచ్చారు. ఆ ఇటుకలతో గేటు పక్కన పిల్లలు కూర్చోవడానికి అరుగు కట్టించారు. ఏటా పూజకి ఆ తలుపుకి కుంకుమ బొట్టు ఒక్కటే, అదీ మూల. సారు గ్రీజు డబ్బా కార్ఖానాకి పంపేసి, పొడిగుడ్డతో గాడి తుడవడం నేర్చుకున్నారు. నూనె బొట్టు రోలరు ఇరుసుకి వెయ్యాలి, గాడికి కాదు. ఈ ఒక్క ముక్కా నేను నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి మనిషికీ చెప్పాను, మీకూ చెబుతున్నాను. అక్టోబరులో ఆ ఇంటి నుంచి మాకు మళ్ళీ కబురు రాలేదు. మిస్త్రీ మాత్రం చివరిదాకా వానలకి ఇనుము అలిసిపోతుందనే అన్నాడు.

కానీ ఆ రోజు అక్కడితో అవలేదు. సారు కళ్ళు తుడుచుకుని "సరే, రేపట్నుంచి రమ్మను పిల్లల్ని" అంటూ లోపలికి రాబోయారు. టీచరుగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"తీసి మూసి చూపించమన్నారు. ముయ్యడం మిగిలింది. మీరంతా బయటే ఉండండి."

మిస్త్రీ అప్పటికే బూందీ పొట్లం కోసం బయటికి వెళ్ళిపోయాడు. ఆవిడ పట్టీ అందుకుని తూలకుండా, తొందరపడకుండా తలుపు కిందకి లాగి గడియ పెట్టారు. లోపల చీకటి. మేమిద్దరమే మిగిలాం. ఆవిడ గోడకి చేరబడి ఊపిరి తీసుకుంటున్నారు. ఎండిన రంగు చేత్తో కర్ర అందుకున్నారు గానీ కదల్లేదు.

కాసేపయ్యాక బయట్నుంచి సారు తలుపు తట్టారు. "ఏమైంది? బానే ఉన్నావా? తియ్యి!"

నేను గడియ వైపు వెళ్ళబోయాను. ఆవిడ కర్ర అడ్డం పెట్టి ఆపారు. ముఖం సరిగా కనబడలేదు గానీ నవ్వుతున్నారని గొంతుని బట్టి తెలిసింది.

"తీస్తాను లేవే. కాసేపు ఆగనీ. ఇన్నాళ్ళూ ఈ తలుపు ఎవరో వచ్చి తీస్తారని నేను ఎదురుచూశాను. ఇవాళ వాళ్ళు చూడనీ."